ఎవరి ఊరి పన్ను, ఎవరి ఊరి ఆటగాడు: అమెరికా కమ్యూనిటీ కాలేజీల క్రీడా వైరాల లోగుట్టు

కాన్సాస్ రాష్ట్రం ఆగ్నేయ మూలన మాంట్‌గోమరీ అనే కౌంటీ ఉంది, మన జిల్లా లాంటిది. అందులో కాఫీవిల్, ఇండిపెండెన్స్ అని రెండు చిన్న పట్టణాలు. ఒకదాని నుంచి మరొకదానికి కారులో వెళ్తే అరగంట కూడా పట్టదు. 2020 జనాభా లెక్కల ప్రకారం ఏ ఊళ్లోనూ 9 వేల మంది లేరు. అయినా ఎవరి రెండేళ్ల కాలేజీ వాళ్లకుంది, ఎవరి ఫుట్‌బాల్ జట్టు వాళ్లకుంది. ఇలాంటి రెండేళ్ల కాలేజీలనే కమ్యూనిటీ కాలేజీలు, జూనియర్ కాలేజీలు అంటారు. డిగ్రీలో మొదటి రెండేళ్లు చెప్పే ఇవి మన ఇంటర్ కాలేజీల్లాంటివి కావు. ఈ వ్యాసంలో ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాలే. కాఫీవిల్ కాలేజీ 1923లో, ఇండిపెండెన్స్ కాలేజీ 1925లో మొదలయ్యాయి. కాఫీవిల్ 1956, 1983, 1990 సంవత్సరాల్లో జాతీయ విజేతగా నిలిచింది. మన దగ్గర మండల కేంద్రమంత ఊరు దేశానికే మొదటి స్థానంలో నిలవడం అన్నమాట.

ఇలాంటి రెండు జట్ల మధ్య పోటీ ఎంత వేడిగా ఉంటుందో తెలియాలంటే స్కోరు కంటే ముందు జట్టు జాబితా చూడాలి. అమెరికా కాలేజీ జట్ల జాబితాల్లో ఆటగాడి పేరు, ఎత్తు, బరువుతో పాటు ‘సొంత ఊరు’ అని ఒక గడి ఉంటుంది. ఆ గడిలో ఏ ఊళ్ల పేర్లు కనిపించాలన్నది కోచ్ ఒక్కడి ఇష్టం మీద నడిచే వ్యవహారం కాదు. కాలేజీకి పన్ను ఎవరు కడుతున్నారు, జట్టు ఏ క్రీడా సంఘం కింద ఆడుతోంది, ఆ సంఘం రాష్ట్రం బయటి పిల్లల గురించి ఏం చెబుతోంది, కాలేజీకి హాస్టల్ ఉందా లేదా అన్నవన్నీ కలిసి దాన్ని తేలుస్తాయి. కమ్యూనిటీ కాలేజీ క్రీడల వందేళ్ల చరిత్రను విప్పడానికి ఆ గడిని మించిన తాళంచెవి లేదు.

పన్ను దగ్గర మొదలు

అమెరికాలో నేటికీ నడుస్తున్న ప్రభుత్వ రెండేళ్ల కాలేజీల్లో అన్నింటికంటే పాతది ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియట్ జూనియర్ కాలేజీ. 1901లో అక్కడి హైస్కూలు సూపరింటెండెంట్ జె. స్టాన్లీ బ్రౌన్, షికాగో విశ్వవిద్యాలయం అధ్యక్షుడు విలియం రైనీ హార్పర్ కలిసి దాన్ని మొదలుపెట్టారు. డిగ్రీలో మొదటి రెండేళ్ల చదువు హైస్కూలు పక్కనే దొరకాలన్నది ఆలోచన. ఆ తర్వాత పుట్టిన జూనియర్ కాలేజీల్లో చాలావాటికి హైస్కూలే పుట్టిల్లు. తరగతి గదులతో పాటు మైదానం, కోచ్, చివరికి పక్క ఊరితో ఉన్న పాత పోటీ కూడా హైస్కూలు నుంచే వచ్చాయి. జూనియర్ కాలేజీ వైరాలు అంత తొందరగా ముదరడానికి కారణం ఇదే. అవి కొత్తగా పుట్టినవి కావు, పద్దెనిమిదేళ్ల పిల్లలతో పాటు ఓ మెట్టు పైకెక్కాయంతే.

ఇక డబ్బు సంగతి. కాన్సాస్‌లో కమ్యూనిటీ కాలేజీని నడిపేది స్థానికులు ఓటేసి ఎన్నుకున్న ధర్మకర్తల మండలి. ఖర్చులో పెద్ద భాగం ఆస్తి పన్ను నుంచి వస్తుంది. పన్ను రేటును మిల్లుల్లో లెక్కేస్తారు. అంచనా విలువలో ప్రతి 1,000 డాలర్లకు 1 డాలరు కడితే అది ఒక మిల్లు. నివాస గృహానికి అంచనా విలువ అంటే మార్కెట్ ధరలో 11.5 శాతం. లక్ష డాలర్ల ఇల్లు ఉందనుకుందాం. దాని అంచనా విలువ 11,500 డాలర్లు. కాలేజీ పన్ను 30 మిల్లులు అనుకుంటే ఆ ఇంటాయన ఏటా కాలేజీ కోసమే 345 డాలర్లు కట్టాలి. ఇది కౌంటీ, నగరం, బడి పన్నులకు అదనం. ఆ మనిషి శనివారం మైదానం గట్టు మీద కూర్చుని “ఇది మా జట్టు” అన్నాడంటే ఆ మాట వెనక రసీదు ఉంది.

మాంట్‌గోమరీ కౌంటీ విచిత్రం ఏమిటంటే, సాధారణంగా ఒక కౌంటీకి ఒక కాలేజీ అన్నట్టు సాగే రాష్ట్రంలో ఈ ఒక్క కౌంటీనే రెండు కాలేజీలు పంచుకున్నాయి. ఒకే కౌంటీలో పన్ను ఇటు కట్టేవాళ్లు కొందరు, అటు కట్టేవాళ్లు కొందరు. వైరానికి ఇంతకంటే సారవంతమైన నేల దొరకదు.

మిసిసిపిలో దారి వేరు. అక్కడ ఈ కాలేజీలు వ్యవసాయ హైస్కూళ్ల నుంచి పుట్టాయి. పల్లె పిల్లలు హాస్టల్లో ఉంటూ చదువుకునే బడులవి. పెర్ల్ రివర్ కౌంటీ వ్యవసాయ హైస్కూలు 1921లో కాలేజీ పాఠాలు మొదలుపెట్టింది, తర్వాత హైండ్స్ అందుకుంది. 1928 నాటికి రాష్ట్రమంతటికీ ఒక జూనియర్ కాలేజీ వ్యవస్థ ఏర్పడింది, దేశంలో అలాంటిది అదే మొదటిది. ఇవాళ 82 కౌంటీలను 15 కాలేజీలు పంచుకున్నాయి. ప్రతి కౌంటీ ఏదో ఒక కాలేజీ కిందికి వస్తుంది. బడిలో పుట్టిన హాస్టల్ కాలేజీకీ వచ్చింది కాబట్టి జట్టును పోషించడానికి కొత్తగా గదులు కట్టాల్సిన పని పడలేదు. ఈ చిన్న సంగతి తర్వాత చాలా పెద్దదైంది. హాస్టల్ ఉన్న కాలేజీకే దూరపు ఆటగాడు వస్తాడు.

ఫ్రెస్నోలో ఒక తిరస్కరణ

1930ల్లో కాలిఫోర్నియా జూనియర్ కాలేజీల్లో గొప్ప పరుగుపందెగాళ్లు ఉన్నారు. నాలుగేళ్ల విశ్వవిద్యాలయాల సంఘమైన ఎన్‌సీఏఏ నిర్వహించే జాతీయ ట్రాక్ అండ్ ఫీల్డ్ పోటీల్లో తమ పిల్లల్నీ ఆడనివ్వమని 13 కాలిఫోర్నియా కాలేజీలు అర్జీ పెట్టుకున్నాయి. ఎన్‌సీఏఏ కుదరదంది. దాంతో 1937లో ఫ్రెస్నోలో సమావేశమై సొంత సంఘం పెట్టుకోవాలని నిర్ణయించారు. 1938 మేలో నేషనల్ జూనియర్ కాలేజ్ అథ్లెటిక్ అసోసియేషన్ నియమావళి ఆమోదం పొందింది. దాన్నే ఎన్‌జేసీఏఏ అంటారు. మరుసటి ఏడాది శాక్రమెంటోలో మొదటి పోటీలు జరిగితే కాలిఫోర్నియా బయటి నుంచి వచ్చింది ఒకే ఒక్క కాలేజీ, కొలరాడోలోని ట్రినిడాడ్.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పరిస్థితి మారింది. మాజీ సైనికుల చదువు ఖర్చు ప్రభుత్వమే భరించే 1944 నాటి జీఐ బిల్లు పుణ్యమా అని సైన్యం నుంచి తిరిగొచ్చిన లక్షలాది యువకులు కాలేజీల్లో చేరారు. జట్లలో ఒక్కసారిగా ఇరవై నాలుగేళ్ల గట్టి మనుషులు కనిపించారు. ఎన్‌జేసీఏఏ దేశాన్ని 16 ప్రాంతాలుగా విడదీసింది. ఒక్కో ప్రాంతం నుంచి ఒక్కో విజేత వస్తే 16 జట్లు, నాలుగు రౌండ్లలో జాతీయ విజేత తేలిపోతాడు. ఆ లెక్క మీదే 1949 నుంచి పురుషుల బాస్కెట్‌బాల్ జాతీయ పోటీ కాన్సాస్‌లోని హచిన్సన్ పట్టణంలో స్థిరపడింది. సుమారు 40 వేల జనాభా ఉన్న ఊరు, 1952లో కట్టిన స్పోర్ట్స్ అరీనా, ఊళ్లోని మాజీ సైనికుల సంఘం నిర్వహణ. ఇప్పుడు వచ్చే జట్లు 24. నా దృష్టిలో కమ్యూనిటీ కాలేజీ క్రీడల ఆత్మ ఎక్కడుందంటే హచిన్సన్‌లో ఉంది. తమ ఊరి జట్టు ఓడిపోయినా మిగతా రోజుల ఆటలకు టికెట్టు కొనుక్కుని కూర్చునే జనం అన్ని చోట్లా ఉండరు.

ఎన్‌జేసీఏఏను పుట్టించిన కాలిఫోర్నియా మాత్రం కొన్నేళ్లకే అందులోంచి బయటికొచ్చి వేరు కాపురం పెట్టింది. వాషింగ్టన్, ఒరెగాన్ ప్రాంతం కాలేజీలు వాయవ్య సంఘంగా ఏర్పడ్డాయి. అందుకే ఇవాళ మూడు రాజ్యాలు. ఎన్‌జేసీఏఏలో సుమారు 500 కాలేజీలు, కాలిఫోర్నియా సంఘంలో 100కు పైగా, వాయవ్యంలో మరికొన్ని. ఎన్‌జేసీఏఏలో మళ్లీ మూడు డివిజన్లున్నాయి. మొదటి డివిజన్‌లో ట్యూషన్, ఫీజులు, పుస్తకాలతో పాటు బస, భోజనం కూడా స్కాలర్‌షిప్ కింద ఇవ్వొచ్చు. రెండో డివిజన్‌లో ట్యూషన్, ఫీజులు, పుస్తకాల వరకే. మూడో డివిజన్‌లో ఆట పేరిట ఒక్క డాలరూ ఇవ్వకూడదు. ఒక కాలేజీ బాస్కెట్‌బాల్ ఒక డివిజన్‌లో, బేస్‌బాల్ మరో డివిజన్‌లో ఆడొచ్చు. కాలిఫోర్నియాలో మాత్రం ఏ ఆటకూ స్కాలర్‌షిప్ లేదు.

కాలిఫోర్నియా గీసిన గీత

స్కాలర్‌షిప్ లేకపోవడం ఒక్కటే కాదు, కాలిఫోర్నియా ఇంకో గీత గీసింది. ఒక కాలేజీ కోచ్ తన జిల్లాలోని, దాన్ని ఆనుకుని ఉన్న జిల్లాల్లోని హైస్కూలు పిల్లలతోనే తానుగా మాట కలపొచ్చు. అంతకు మించి దూరంగా ఉన్న పిల్లవాడైతే మొదటి ఫోను పిల్లవాడి నుంచే రావాలి. కోచ్ ముందుగా పలకరించాడని తేలితే నియమం తప్పినట్టే. దీనివల్ల ఒక కాలేజీ జట్టులో ఎక్కువమంది ఆ చుట్టుపక్కల వాళ్లే ఉంటారు. ఎదుటి జట్టులో వాళ్లతో హైస్కూల్లో తలపడ్డవాళ్లే ఉంటారు.

పసడీనా, కాంప్టన్ కాలేజీల వైరం అలా పెరిగింది. 1937 నుంచి 1939 వరకు పసడీనా జూనియర్ కాలేజీలో చదివిన జాకీ రాబిన్సన్, తర్వాత మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో వర్ణ వివక్ష గోడను బద్దలుకొట్టిన నల్లజాతి ఆటగాడు, ఆ ఊళ్లో పెరిగిన పిల్లవాడే. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, బేస్‌బాల్, ట్రాక్, నాలుగింటిలోనూ ఆడాడు. 1938 వసంతంలో ఒకే రోజు ఉదయం లాంగ్ జంప్‌లో తన అన్న మాక్ పేరిట ఉన్న జూనియర్ కాలేజీ రికార్డును బద్దలుకొట్టి, అదే రోజు మరో ఊరు చేరుకుని బేస్‌బాల్ మ్యాచ్ ఆడాడు. మాక్ అంటే 1936 బెర్లిన్ ఒలింపిక్స్ 200 మీటర్ల పరుగులో జెస్సీ ఓవెన్స్ వెనక రజతం గెలిచిన మాక్ రాబిన్సన్. ఒకే ఇంటి నుంచి, ఒకే జూనియర్ కాలేజీ నుంచి ఇద్దరు.

1946లో పసడీనా పట్టణ జూనియర్ చాంబర్ ఆఫ్ కామర్స్ ‘జూనియర్ రోజ్ బౌల్’ మొదలుపెట్టింది. కాలిఫోర్నియా జట్టు ఒకటి, బయటి రాష్ట్రం జట్టు ఒకటి, డిసెంబరులో రోజ్ బౌల్ మైదానంలో తలపడాలి. తొలి ఏడాదే కాంప్టన్ టెక్సస్ నుంచి వచ్చిన కిల్గోర్‌ను ఓడించింది. ఈ పోటీ 1966 వరకు ఏటా సాగింది. ఆ ఇరవై ఏళ్ల చరిత్రలో మరువకూడని ఆట 1955ది. మిసిసిపిలోని జోన్స్ కౌంటీ జూనియర్ కాలేజీకి ఆహ్వానం వచ్చింది. ఎదుటి జట్టు మళ్లీ కాంప్టనే, అందులో నల్లజాతి ఆటగాళ్లున్నారు. మిసిసిపిలో తెల్లవాళ్ల జట్లు నల్లవాళ్లున్న జట్లతో ఆడకూడదన్నది రాయని చట్టం. అదే ఏడాది ఆగస్టులో ఎమ్మెట్ టిల్ అనే 14 ఏళ్ల నల్లజాతి కుర్రాడిని అక్కడే చంపేశారు. వెళ్లొద్దని రాజకీయ నాయకులు ఒత్తిడి తెచ్చారు. జోన్స్ వెళ్లింది, ఆడింది, 22-13 తేడాతో ఓడిపోయింది. పేరున్న పెద్ద విశ్వవిద్యాలయాలు ఇంకా తటపటాయిస్తున్న కాలంలో ఒక పల్లె జూనియర్ కాలేజీ ఆ అడుగు వేసింది. ఆ ఓటమిని నేను గెలుపుల పక్కనే పెడతాను.

చమురు బావులు, విరామం ఆట

తూర్పు టెక్సస్‌లో వైరానికి మరో రంగు ఉంది. కిల్గోర్, టైలర్ పట్టణాల మధ్య దూరం నలభై కిలోమీటర్ల చిల్లర. టైలర్ జూనియర్ కాలేజీ 1926లో, కిల్గోర్ కాలేజీ 1935లో మొదలయ్యాయి. 1930లో తూర్పు టెక్సస్ చమురు క్షేత్రం బయటపడ్డాక కిల్గోర్ రాత్రికి రాత్రి మారిపోయింది. ఊరి నడిబొడ్డున ఒక ఎకరానికి కాస్త మించిన జాగాలో 24 బావులు తవ్వారు. ఆ డబ్బే కాలేజీకి ఊపిరి.

కిల్గోర్ డీన్ బి. ఇ. మాస్టర్స్‌కు రెండు చిక్కులు ఉండేవి. కాలేజీలో అమ్మాయిలు తక్కువ, ఫుట్‌బాల్ విరామంలో మగవాళ్లు గట్టు దిగి తాగడానికి వెళ్లిపోతున్నారు. ఆయన గస్సీ నెల్ డేవిస్ అనే ఉపాధ్యాయురాలిని పిలిపించాడు. ఆవిడ 1940లో తయారుచేసిన కిల్గోర్ రేంజరెట్స్ మైదానం మధ్యలో వరుసగా నిలబడి ఒకే లయలో కాళ్లెత్తే డ్రిల్ నృత్య బృందం. అమెరికాలో అలాంటి బృందాలన్నింటికీ ఇదే మొదలు. టైలర్ ఊరుకుంటుందా? 1947లో అపాచీ బెల్స్ వచ్చాయి. అప్పటి నుంచి ఈ రెండు ఊళ్ల పోటీ నాలుగు క్వార్టర్లతో పాటు విరామానికీ పాకింది. జట్టు బలహీనంగా ఉన్న ఏడాది కూడా విరామంలో ఎవరు మెరుగ్గా చేశారన్న వాదన మిగిలేది. ఒక ఆట బలం తగ్గినా వైరం నిలబడాలంటే దానికి ఇంకో కాలు ఉండాలి. తూర్పు టెక్సస్‌కు ఆ కాలు దొరికింది.

1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం ఈ లెక్కలన్నింటినీ కదిలించింది. ప్రభుత్వ నిధులు తీసుకునే కాలేజీ అమ్మాయిలకూ క్రీడావకాశాలు ఇవ్వాలి. 1975లో ఎన్‌జేసీఏఏ మహిళల విభాగం మొదలుపెట్టింది. కమ్యూనిటీ కాలేజీలకు ఇక్కడ ఓ ప్రత్యేకమైన చిక్కుంది. ఫుట్‌బాల్ జట్టులో 85 మంది మగపిల్లలుంటే అందుకు దీటుగా సాఫ్ట్‌బాల్, వాలీబాల్, సాకర్ కలిపినా అమ్మాయిల సంఖ్య సరిపోదు. ఫుట్‌బాల్ పెట్టాలా వద్దా అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా ఈ 85 అనే అంకె ఎదురొస్తుంది.

కాన్సాస్ కంచె తీసిన రోజు

కాన్సాస్ కాన్ఫరెన్స్, అంటే ఆ రాష్ట్రం కాలేజీలు తమలో తాము ఆడుకునే లీగ్, చాలాకాలం ఒక నియమం పాటించింది. ఫుట్‌బాల్ జట్టులో బయటి రాష్ట్రాల వాళ్లు 20 మందిని మించకూడదు. మిగతావాళ్లంతా కాన్సాస్ పిల్లలే. 2016 నుంచి ఆ పరిమితి ఎత్తేశారు.

కోచ్ వైపు నుంచి చూస్తే ఇది సహజమే. కాన్సాస్ జనాభా 30 లక్షలకు కాస్త తక్కువ. అప్పట్లో ఎనిమిది కాలేజీలు అదే కొద్దిమంది పిల్లల కోసం పోటీపడేవి. ఫ్లోరిడా, జార్జియా, టెక్సస్‌లలో మార్కులు చాలకో, క్రమశిక్షణ చర్య వల్లో పెద్ద విశ్వవిద్యాలయంలో చోటు దొరకని గొప్ప ఆటగాళ్లు వందల్లో ఉన్నారు. అక్కడి నుంచి ఏరుకుంటే ఒక్క ఏడాదిలో జట్టు దశ తిరుగుతుంది. ఇండిపెండెన్స్‌లో అలాగే జరిగింది. 2017లో ఆ కాలేజీ ముప్ఫై ఏళ్ల తర్వాత కాన్ఫరెన్స్ గెలిచింది. మరుసటి ఏడాది రెండు ఆటలే గెలిచింది. ఒక్క ఏడాదిలో కూడిన జట్టు ఒక్క ఏడాదిలో చెదరడం కూడా అంతే సులువు.

ఊరి వైపు నుంచి చూస్తే మరోలా ఉంటుంది. 345 డాలర్లు కడుతున్న ఇంటాయన మనవడికి జట్టులో చోటు లేదు. ‘సొంత ఊరు’ గడి నిండా వేరే రాష్ట్రాలే. వైరం ఆగిపోలేదు గానీ రూపం మార్చుకుంది. ఇదివరకు కాఫీవిల్ మీద గెలిస్తే పక్క ఊరి చిన్నాన్న కొడుకు మీద గెలిచినట్టు. ఇప్పుడు ఒక కోచ్ ఫోన్ నంబర్ల జాబితా మరో కోచ్ జాబితా మీద గెలిచినట్టు.

అయితే పరిమితి ఎత్తేయడాన్ని పూర్తిగా తప్పుపట్టలేను. కారణం నమోదు సంఖ్య. వెయ్యి మంది విద్యార్థులున్న చిన్న కాలేజీకి ఫుట్‌బాల్ వంద మందిని తెస్తుంది. కాలేజీ ట్యూషన్, పుస్తకాలు మాఫీ చేసినా, పేద కుటుంబం పిల్లవాడికి కేంద్ర ప్రభుత్వ పెల్ గ్రాంట్ వస్తుంది. 2024-25లో దాని గరిష్ఠ మొత్తం 7,395 డాలర్లు. ఆ డబ్బు హాస్టల్ అద్దెగా, భోజనం బిల్లుగా కాలేజీకే చేరుతుంది. జనాభా తగ్గుతున్న ఊళ్లో హాస్టల్ గదులు నిండి ఉండటానికి, వంటశాల నడవడానికి ఈ పిల్లలే ఆధారం. ధర్మకర్తల మండలి ఫుట్‌బాల్‌ను నిలబెట్టడం వెనక ఊరి అభిమానం కన్నా ఈ లెక్క ఎక్కువ పనిచేస్తుంది.

మిసిసిపి మధ్యేమార్గం పట్టింది. ఏ కౌంటీల పిల్లలు ఏ కాలేజీకి అన్న గీతలు చాలాకాలం గట్టిగా నిలిచాయి, బయటి రాష్ట్రాల వాళ్ల సంఖ్య కొద్దిగానే ఉండేది. బయటి చోట్లు కొన్నే ఉంటే కోచ్ వాటిని ఎక్కడ ఖర్చు పెడతాడు? బంతి విసిరి దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ మీద, ముందు వరసలో నిలబడి ఎదుటి దాడిని అడ్డుకునే బరువైన డిఫెన్సివ్ లైన్‌మన్ మీద. చిన్న ప్రాంతంలో ఏటా పుట్టని రకం ఆటగాళ్లు వాళ్లు. స్కూబా అనే కుగ్రామంలో ఉన్న ఈస్ట్ మిసిసిపి కాలేజీ ఈ లెక్కను అందరికంటే బాగా చేసింది. పెద్ద విశ్వవిద్యాలయం వదిలేసిన క్వార్టర్‌బ్యాక్‌ను తెచ్చి, అతని చుట్టూ స్థానిక పిల్లల్ని పేర్చి 2011, 2013, 2014, 2017, 2018లలో జాతీయ విజేత అయింది. ‘సొంత ఊరు’ గడిలో పరాయి రాష్ట్రాలు కొన్నే, కానీ అవి ఆటను తిప్పే చోట్లలోనే.

ఆటగాడి చేతిలోని గడియారం

జట్టు లెక్క అలా ఉంటే ఆటగాడి లెక్క ఇంకా సూక్ష్మం. తల్లిదండ్రులు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

ఎన్‌సీఏఏ మొదటి డివిజన్ నియమం ప్రకారం ఆటగాడికి అయిదేళ్ల గడువులో నాలుగు సీజన్లు. ఏ కాలేజీలోనైనా పూర్తికాల విద్యార్థిగా చేరిన రోజు గడియారం మొదలవుతుంది, కమ్యూనిటీ కాలేజీలో చేరినా సరే. అక్కడ రెండేళ్లు, రెండు సీజన్లు ఆడితే మిగిలేది మూడేళ్లలో రెండు సీజన్లు. కోచ్‌లు దీన్ని ‘మూడులో రెండు’ అని క్లుప్తంగా అడుగుతారు. ఒక సీజన్ ఆడకుండా పక్కన కూర్చుంటే సీజన్ మిగులుతుంది, గడియారం మాత్రం ఆగదు.

చదువు వైపు నుంచి, ఎన్‌జేసీఏఏలో సెమిస్టరుకు కనీసం 12 క్రెడిట్లు చదవాలి. క్రెడిట్ అంటే సబ్జెక్టు బరువును కొలిచే యూనిట్. రెండో సీజన్ ఆడాలంటే 24 క్రెడిట్లు, 4.0కి 2.0 గ్రేడు సగటు ఉండాలి. కాలిఫోర్నియాలో 12 యూనిట్లలో కనీసం 9 నిజమైన చదువు సబ్జెక్టులవి కావాలి. ఇంతవరకు చేస్తే కమ్యూనిటీ కాలేజీలో ఆడొచ్చు. పై విశ్వవిద్యాలయంలో ఆడటానికి ఇది చాలదు. మూడో ఏడు మొదలయ్యేసరికి ఎంచుకున్న డిగ్రీలో 40 శాతం పూర్తయి ఉండాలి. 120 క్రెడిట్ల డిగ్రీలో 40 శాతం అంటే 48 క్రెడిట్లు, అవీ ఆ డిగ్రీకి పనికొచ్చేవే. పిల్లవాడు వ్యాయామ తరగతులు, పునాది గణితం, అక్కడా ఇక్కడా దొరికిన తేలిక సబ్జెక్టులు కలిపి 60 క్రెడిట్లు పోగేసినా, పై విశ్వవిద్యాలయం లెక్కకట్టేసరికి కావాల్సిన 48కి 30 మాత్రమే నిలబడొచ్చు. అప్పుడు స్కాలర్‌షిప్ చేతికొచ్చినట్టే వచ్చి జారిపోతుంది. మొదటి సెమిస్టర్‌లోనే డిగ్రీ ఏదో తేల్చుకుని, చేరాలనుకున్న విశ్వవిద్యాలయం క్రెడిట్ల పట్టికతో పోల్చుకోవడం తప్ప దీనికి మందు లేదు. రెండో ఏడు వసంతంలో చూసుకుందాంలే అనుకుంటే ఆలస్యమైనట్టే.

ఈ గడియారం మీదే ఇటీవల పెద్ద వ్యాజ్యం నడిచింది. డియాగో పావియా న్యూమెక్సికో మిలిటరీ ఇన్‌స్టిట్యూట్ అనే రెండేళ్ల కాలేజీలో క్వార్టర్‌బ్యాక్. ఆ జట్టు 2021లో జాతీయ విజేత. తర్వాత న్యూమెక్సికో స్టేట్‌లో, ఆపై వాండర్‌బిల్ట్‌లో ఆడాడు. 2024లో అలబామాను ఓడించిన వాండర్‌బిల్ట్ జట్టుకు నాయకుడు అతనే. తమ పేరు, రూపం ప్రకటనలకు వాడుకోనిచ్చి ఆటగాళ్లు సంపాదించే ఈ రోజుల్లో, ఎన్‌సీఏఏ సభ్యత్వమే లేని కమ్యూనిటీ కాలేజీలో గడిపిన ఏళ్లను లెక్కలో వేసి తన సంపాదన ఏళ్లు కోయడం పోటీ చట్టానికి విరుద్ధమని కోర్టుకెళ్లాడు. 2024 డిసెంబరులో టెనెసీ ఫెడరల్ కోర్టు అతనికి అనుకూలంగా తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చింది. వెంటనే ఎన్‌సీఏఏ అలాంటి పరిస్థితిలో ఉన్న మాజీ కమ్యూనిటీ కాలేజీ ఆటగాళ్లకు 2025-26 వరకు ఒక ఏడాది మినహాయింపు ఇచ్చింది. 1937లో మీ పిల్లలు మా పోటీలకు పనికిరారన్న సంఘం, మీ కాలేజీలో గడిపిన ఏళ్లు మాత్రం మా లెక్కలోకి వస్తాయని ఇన్నాళ్లూ అంటూ వచ్చింది. ఆ రెండు మాటల మధ్య పొంతన కుదరదని నా అభిప్రాయం.

బేస్‌బాల్‌లో గడియారం వేరుగా తిరుగుతుంది. నాలుగేళ్ల కాలేజీలో చేరిన కుర్రాడిని మేజర్ లీగ్ జట్లు సాధారణంగా మూడో ఏడాది ముగిసేదాకా లేదా 21 ఏళ్లు వచ్చేదాకా తీసుకోలేవు. రెండేళ్ల కాలేజీ వాడిని ఏ ఏడాదైనా తీసుకోవచ్చు. అందుకే బేస్‌బాల్ ఆటగాడు బ్రైస్ హార్పర్ హైస్కూలు మధ్యలోనే వదిలి, హైస్కూలు పూర్తిచేసినట్టు గుర్తింపునిచ్చే సమాన పరీక్ష రాసి, 2010 సీజన్‌కు కాలేజ్ ఆఫ్ సదరన్ నెవాడాలో చేరాడు. ఆ కాన్ఫరెన్స్‌లో వృత్తి ఆటగాళ్లలాగే చెక్క బ్యాట్లు వాడేవారు. 31 హోమ్ రన్లు కొట్టాడు, అదే ఏడాది మేజర్ లీగ్ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటివాడిగా ఎంపికయ్యాడు.

ఎక్కడ చెడుతుంది

అన్నింటికన్నా తీవ్రమైనది ఎండదెబ్బ. 2018 ఆగస్టులో న్యూజెర్సీ నుంచి కాన్సాస్ కాలేజీకి వచ్చిన 19 ఏళ్ల లైన్‌మన్ మొదటి రోజు కసరత్తులోనే కుప్పకూలి చనిపోయాడు. ఆ సాయంత్రం పెట్టిన పరీక్ష 50 గజాల పరుగు, 36 సార్లు. బరువైన శరీరం, ఆ వాతావరణానికి అలవాటు పడని ఒళ్లు, కొత్త కోచ్ ముందు వెనక్కి తగ్గకూడదన్న పంతం, మూడూ కలిస్తే ప్రాణాంతకం. దూరం నుంచి ఆటగాళ్లను తెచ్చే కాలేజీలకు ఈ ముప్పు ఎక్కువ. ఇంటి దగ్గర వేసవంతా ఎలా గడిపాడో ఎవరికీ తెలియదు. చేయాల్సింది కష్టమైనదేం కాదు. మొదటి రోజుల్లో పరుగు పరీక్షలు పెట్టకూడదు. హెల్మెట్, ప్యాడ్లు రోజుకు కొంచెంగా పెంచాలి. మైదానం అంచున మంచునీళ్ల తొట్టి సిద్ధంగా ఉంచాలి. కుర్రాడు తడబడుతూ మాట్లాడుతుంటే, ఒంటి లోపలి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటితే, ఆంబులెన్స్ కోసం చూస్తూ కూర్చోకుండా అక్కడే మెడదాకా ముంచాలి. ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే తరలించాలి. అరగంటలో వేడి దిగితే బతుకుతాడు.

రెండో చేటు జట్టే మాయం కావడం. అరిజోనాలోని మారికోపా కౌంటీ జిల్లా 2018లో గ్లెండేల్, మేసా, ఫీనిక్స్, స్కాట్స్‌డేల్ నాలుగు ఫుట్‌బాల్ జట్లనూ ఆ సీజన్‌తో మూసేసింది. బీమా, మైదానాల మరమ్మతు ఖర్చు భరించలేమంది. నాలుగు పోతే ఆ ప్రాంతంలో మిగిలినవాటికి ప్రత్యర్థులు లేరు. ఆట కోసం రాష్ట్రాలు దాటి బస్సులో పోవాలి, ఖర్చు ఇంకా పెరుగుతుంది. ఒక జట్టు మూతపడితే పక్క జట్టు ఊపిరీ ఆగుతుంది. కాన్సాస్‌లో ఫోర్ట్ స్కాట్ కూడా 2021లో ఫుట్‌బాల్ మానేసింది.

స్కాట్స్‌డేల్ విద్యార్థులు ఈ ప్రశ్నను అర్ధ శతాబ్దం ముందే లేవనెత్తారు. 1970ల మొదట్లో చదువుకన్నా ఆటలకు ఎక్కువ డబ్బు పోతోందని నిరసన తెలుపుతూ, జట్టు గుర్తుగా ఆర్టిచోక్ అనే కూరగాయకు ఓటేశారు. ఆ గుర్తే నిలిచిపోయింది. ఫుట్‌బాల్ పోయినా ఆర్టిచోక్ ఉంది.

డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి నార్త్ లేక్ క్యాంపస్ డాలస్ కాలేజీలో భాగం, మూడో డివిజన్. స్కాలర్‌షిప్ ఉండదు. 2020లో ఏడు కాలేజీలు కలిసి ఒకే డాలస్ కాలేజీ అయ్యాక కూడా క్యాంపస్‌ల జట్లు విడివిడిగా ఒకదానితో ఒకటి ఆడుతూనే ఉన్నాయి. ఓ శీతాకాలం సాయంత్రం ఆ బాస్కెట్‌బాల్ ఆటకు వెళ్లి జట్టు జాబితా అందుకోండి. ‘సొంత ఊరు’ గడి చూడండి, పక్క హైస్కూళ్ల పేర్లు కనిపిస్తాయి.